పెంచిన చేతికే స్ఫటికం

ఆ బంధం పొడవు 2.02 ఆంగ్‌స్ట్రామ్‌లని కాగితం మీద ఉంది. అల్యూమినియానికీ మిథైల్ కార్బన్‌కూ మధ్య దూరం మామూలుగా 1.95, మహా అయితే 1.97. నేనప్పుడు పరిశోధనలో మూడో ఏట ఉన్నాను. నా చేత్తో చేసిన సమ్మేళనం, నా చేత్తో పెంచిన స్ఫటికం. గాజు గొట్టంలో పెట్టి సీలు వేసి, చీటీ మీద ఫార్ములా రాసి ఎక్స్‌రేతో కొలిచే కేంద్రానికి పంపితే, పన్నెండు రోజులకు అణువు బొమ్మ వచ్చింది. పట్టిక వచ్చింది. లెక్కకూ కొలతకూ మధ్య తేడా చెప్పే ఆర్ విలువ 4.6 శాతం అని వచ్చింది. మా గైడు గారి మొహం వెలిగిపోయింది. "అసాధారణంగా సాగిన అల్యూమినియం–కార్బన్ బంధం" అని పేపరుకు పేరు కూడా ఆ సాయంత్రమే ఖాయమైపోయింది.

ఆ బంధం అబద్ధం.

బొమ్మలో చుట్టుపక్కల కార్బన్లన్నీ గోళీకాయలంత ఉంటే ఆ ఒక్క మిథైల్ కార్బన్ మాత్రం ఆవగింజంతకు కుంచించుకుపోయి ఉంది. కొమ్మ చివరి ఆకు కాండం కన్నా ఎక్కువ ఊగాలి. ఇక్కడ కాండమే ఊగుతోంది, ఆకు బిగుసుకుపోయింది. అలా కనిపించిందంటే అర్థం ఒక్కటే: మీరు చెప్పిన పరమాణువులో ఉండాల్సిన వాటికన్నా ఎక్కువ ఎలక్ట్రాన్లు అక్కడున్నాయి. ద్రావణంలో హైడ్రోజన్ల లెక్క చెప్పే నా ఎన్ఎంఆర్ కాగితం తీసి మళ్లీ చూశాను. అల్యూమినియం మీది మిథైల్‌కు మూడు హైడ్రోజన్ల లెక్క రావాలి. వచ్చింది 2.4. ఐదింట ఒక వంతు మిథైల్ మాయమైంది. దాని చోట, ముందే ఉన్న క్లోరిన్‌కు తోడు, ఇంకో క్లోరిన్ కూర్చుంది. అల్యూమినియం–క్లోరిన్ దూరం 2.1కి పైమాటే. నూటికి ఎనభై చోట్ల కార్బన్, ఇరవై చోట్ల క్లోరిన్ ఉంటే, ఎక్స్‌రే ఆ రెండింటినీ కలిపి ఒకే మచ్చగా చూపిస్తుంది. క్లోరిన్‌కు ఎలక్ట్రాన్లెక్కువ కాబట్టి మచ్చ దానివైపు లాగుతుంది. లెక్క కట్టి చూడండి, సరిగ్గా 2.02 దగ్గర తేలుతుంది.

"సార్, అది సాగిన బంధం కాదు. డైక్లోరైడు కలిసి స్ఫటికమైంది" అన్నాను.

"ఏమ్మా, ఆర్ విలువ నాలుగున్నరకొచ్చింది. ఇంకేం కావాలి? కొలిచినవాళ్లకు తెలియదా?"

తెలియదు. వాళ్లకు తెలిసే దారే లేదు. వాళ్ల బల్ల మీద ఆ వారం నలభై నమూనాలున్నాయి. నా ఎన్ఎంఆర్ వాళ్లు చూడలేదు, నేను ఏ సీసాలోంచి ఏం పోశానో వాళ్లకెవరూ చెప్పలేదు. అవన్నీ తెలిసిన నాకేమో స్ఫటికం ఫైలు తెరవడం కూడా ఎవరూ నేర్పలేదు. పరమాణువుల ఊపును చూపే ఆ గోళాల్ని, ఎలిప్సాయిడ్లను, చదవడం నేను రాత్రుళ్లు కూర్చుని సొంతంగా నేర్చుకున్నదే. చేసిన చెయ్యి ఒకచోట, చూసే కన్ను ఇంకోచోట. ఆ రెండింటికీ మధ్య ఖాళీలోంచి ఒక అబద్ధం నడుచుకుంటూ వచ్చి పేపరు శీర్షికలో కూర్చోబోయింది.

నా పోరంతా ఆ ఖాళీ మీదే. లోహ సమ్మేళనాన్ని తయారు చేసిన విద్యార్థి చేతిలోంచి స్ఫటికాన్ని లాక్కుని, నెల తర్వాత రంగుల బొమ్మను తిరిగిచ్చే ఈ ఏర్పాటు శాస్త్రాన్ని చంపుతోంది. బొమ్మను చూసి చప్పట్లు కొట్టే గైడ్లూ, బొమ్మల్ని లెక్కపెట్టి థీసిస్‌కు సరిపోయిందనే కమిటీలూ, ఆ పిల్లను స్ఫటికాన్ని కొలిచే డిఫ్రాక్టోమీటర్ గది గడప తొక్కనివ్వని అధికారులూ, అందరూ ఇందులో భాగస్వాములే.

ఏ రసాయనంలోనైనా ఇది తప్పే. కానీ లిథియం, సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, తగరం వంటి ప్రధాన గ్రూపు లోహాల దగ్గర ఇది మహాపరాధం. ఎందుకో చెబుతాను. ఎక్స్‌రేలు చూసేది ఎలక్ట్రాన్లను. లిథియం అయానుకు ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు. హైడ్రైడుకూ రెండే. భారీ పరమాణువులు పక్కనుంటే అవి కనీకనిపించని నీడలు. ఉన్నదాన్ని లేదనుకోవడం, లేనిదాన్ని ఉందనుకోవడం ఇక్కడ వెంట్రుకవాసి పని. పైగా ఈ లోహాల సమ్మేళనాలు చాలావరకు గాలిని, తేమను క్షణం ఓర్వవు. కవాటం ఒక్క వెంట్రుక సందు ఇస్తే చాలు, ఆక్సిజన్ లోపలికొచ్చి లోహ పరమాణువుల గూడు మధ్యలో కూర్చుంటుంది. ఆఖరికి గాజు మూతకు పూసిన సిలికోన్ గ్రీజును కూడా ఇవి కొరుక్కుతింటాయి. ఆ గ్రీజు ముక్కలు చేరిన స్ఫటికాలు ఎన్ని బయటపడ్డాయంటే, రుమేనియా శాస్త్రవేత్త ఇయోనెల్ హైదుక్ 2004లో వాటి మీదే ఒక సమీక్షా వ్యాసం రాయాల్సి వచ్చింది. మూతకు గ్రీజు పూసింది ఎవరు? ఆ విద్యార్థే. అది తెలిసినవాళ్లే ఆ నిర్మాణంలో సిలికాన్‌ను గుర్తుపట్టగలరు.

ఇంకో సంగతి ఇంతకన్నా పెద్దది. స్ఫటికంలో ఉన్నదే సీసాలో ఉందని ఎవరు చెప్పారు? విక్టర్ గ్రిన్యార్ తన మెగ్నీషియం కారకాన్ని ప్రకటించింది 1900లో. నోబెల్ అందుకున్నది 1912లో. ఇంటర్ పుస్తకంలో మన పిల్లలు ఆర్-ఎంజీ-ఎక్స్ అని మూడు ముక్కల్లో బట్టీ పడతారు. విల్‌హెల్మ్ ష్లెంక్ తన కొడుకుతో కలిసి 1929లోనే చెప్పాడు: ఈథర్‌లో అది ఒక్కటిగా ఉండదు, రెండు అణువులు కలిసి ముక్కలు మార్చుకుంటూ, డైఆల్కైల్ మెగ్నీషియంగా, మెగ్నీషియం హాలైడుగా విడిపోతూ కూడుతూ ఉంటాయి అని. స్ఫటికంగా దాన్ని పట్టుకుని, మెగ్నీషియం చుట్టూ రెండు ఈథర్లు కూడా ఉన్నాయని రండల్ బృందం చూపించేసరికి 1964 వచ్చింది. అరవై నాలుగేళ్లు! అప్పటికీ ఆ స్ఫటికం ఒక్క రూపాన్నే చూపించింది. సీసాలో ఉన్న తక్కిన రూపాల గురించి అది నోరు విప్పదు. ఏది ముందు కరగలేక గట్టిపడిందో అదే స్ఫటికమవుతుంది. ఊళ్లో వెయ్యిమంది ఉంటే బస్టాండులో కనిపించిన ఒక్కడి ఫోటో తీసి, ఊరంతా ఇలాగే ఉంటుందని రాస్తే ఒప్పుకుంటామా?

మిథైల్ లిథియం సంగతీ అంతే. పుస్తకంలో ఒక కార్బన్, ఒక లిథియం, మధ్య ఒక గీత. నిజానికి నాలుగు లిథియంలు, నాలుగు మిథైల్‌లు కలిసిన ఘనాకారపు గూడు అది. వైస్, లూకెన్ అనే ఇద్దరు 1964లో బయటపెట్టారు. బ్యూటైల్ లిథియంను తీసుకోండి. హైదరాబాద్ చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ ప్లాంట్లలో పనిచేసే ఏ కెమిస్టునైనా అడగండి, హెక్సేన్‌లో కలిపి వచ్చే ఆ ద్రావణం పేరు చెప్పగానే చేతి తొడుగులు సవరించుకుంటాడు. మందుల తయారీలో అంత రోజువారీ సరుకు. దాని ఘనరూపం ఆరు అణువులు జట్టుకట్టిన గూడని స్ఫటికంలో చూసింది 1993లో, జర్మనీలో, థామస్ కాట్‌కె, డీట్మర్ స్టాల్‌కె. గది వేడికి నిలవని స్ఫటికం అది. దాన్ని చలిలోనే, చల్లటి వాయువు ధారలోనే, నూనె బొట్టులో ముంచి, సూక్ష్మదర్శిని కింద ఏరి, కరిగేలోగా డిఫ్రాక్టోమీటర్ మీదికెక్కించే పద్ధతిని వాళ్లే కట్టుకున్నారు. ఆ పద్ధతి మీద విడిగా పేపరు రాశారు. చీటీ రాసి కొరియర్‌లో పంపి ఉంటే ఆ నిర్మాణం ఈరోజుకీ మనకు తెలిసేది కాదు.

పని నేర్పడమంటే ఏమిటో ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. గొట్టం మూత తీసే ముందే ఆర్గాన్ ఎదురు ఊదుతూ ఉండాలి. సన్నటి గరిటెతో అడుగునున్న స్ఫటికాల్ని తల్లి ద్రావణంతో సహా తోడి, స్లైడు మీదున్న నూనెలోకి జార్చాలి. నూనె తేనెలాగా నెమ్మదిగా పాకుతూ స్ఫటికాల్ని కప్పేస్తుంది. అక్కడి నుంచి మీకున్నది నిమిషాలు మాత్రమే. అంచుల నుంచి మసక మొదలవుతుంది, తేటగా ఉన్న ముఖాలు పాలు విరిగినట్టు తెల్లబడతాయి. ఆలోపు పోలరైజర్ తిప్పుతూ, ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోయే ముక్కను వెతకాలి. సగం వెలిగి సగం ఆరితే అది జంట స్ఫటికం, వదిలెయ్యాలి. దొరికినదాన్ని నైలాన్ ఉచ్చుతో పైకి లేపి చల్లటి నైట్రోజన్ ధారలో పెట్టగానే నూనె గాజులా గడ్డకట్టి దాన్ని పట్టేస్తుంది. ఆ పని చేసిన పిల్లకు ఒక సంగతి తెలుస్తుంది, అది ఏ పట్టికలోనూ ఉండదు: గొట్టంలో రెండు రకాల స్ఫటికాలున్నాయి. పలకల్లాంటివి కొన్ని, సూదుల్లాంటివి చాలా. తను కొలిచింది పలకను. తన ఎన్ఎంఆర్ సూదులది. ఆ ఒక్క చూపు సంవత్సరం పనిని కాపాడుతుంది. గడప బయట నిలబెట్టిన పిల్లకు ఆ చూపు ఎలా వస్తుంది?

ఈ మాట అంటే నాకు ఎదురొచ్చే జవాబు ఒకటుంది: యంత్రాలు బాగుపడ్డాయి, ప్రోగ్రాములు వాటంతటవే నిర్మాణాన్ని విప్పేస్తున్నాయి, ఇంకా ఈ చేతిపని ఎందుకు అని. ప్రోగ్రాముకు మీరు రాసిచ్చిన ఫార్ములాయే వేదం. కార్బన్ అని చెబితే కార్బన్ పెట్టి సర్దుతుంది, క్లోరిన్ అంటే క్లోరిన్ పెడుతుంది. సరిపోకపోతే చిన్న చిన్న గుర్తులు వదులుతుంది: కుంచించుకుపోయిన గోళం, మిగిలిపోయిన ఎలక్ట్రాన్ సాంద్రత, అనుమానాస్పదమైన దూరం. వాటిని చదవాల్సింది రసాయనం తెలిసిన మనిషి. ప్రపంచమంతా వాడే షెల్‌ఎక్స్ ప్రోగ్రామును రాసిన జార్జ్ షెల్‌డ్రిక్ మొదట అకర్బన రసాయనవేత్తగా ఎదిగినవాడే. ఆయన, సమ్మేళనాలు తయారు చేసే హెర్బర్ట్ రోస్కీ, ఇద్దరూ జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు. ఒక్కటంటే ఒక్క అల్యూమినియం పరమాణువు ఒంటరిగా, ప్లస్ ఒకటి స్థితిలో, రెండు నైట్రోజన్ల పటకారులో నిలబడిన సమ్మేళనాన్ని రోస్కీ బృందం 2000లో చూపించింది ఆ ఊరి నుంచే. కుండ దించే చోటా స్ఫటికం చూసే చోటా పక్కపక్కనే ఉంటే ఏం జరుగుతుందో గోటింగెన్ చూపించింది.

ఖాళీని అలాగే వదిలేస్తే ఏం జరుగుతుందో కూడా చూశాం. మాలిబ్డినం ప్రధాన గ్రూపు లోహం కాదు, అయినా ఈ కథ చెప్పకుండా ఉండలేను. ఒకే అణువు, ఒకే అమరిక, ఒక్క లోహం–ఆక్సిజన్ బంధం పొడవులో మాత్రమే తేడా అంటూ 1971 నుంచి నీలం రకం, ఆకుపచ్చ రకం అని రెండు 'ఐసోమర్లు' పుస్తకాల్లో తిరిగాయి. వాటిని సమర్థించే సిద్ధాంతాలు కూడా పుట్టుకొచ్చాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో గెరార్డ్ పార్కిన్ 1990ల మొదట్లో తేల్చింది ఏమిటంటే, ఆకుపచ్చదంటూ వేరే ఏదీ లేదు. నీలం దానిలో పసుపుపచ్చ ట్రైక్లోరైడు కలిస్తే ఆకుపచ్చ. ఆక్సిజన్ చోట కొంత క్లోరిన్ కూర్చుంటే బంధం 'సాగింది'. నీలం, పసుపు కలిపితే ఏ రంగు వస్తుందో రంగుల పెట్టె పట్టుకున్న పిల్లాడికి తెలుసు. ఇరవై ఏళ్లు పట్టింది పెద్దలకు. నా 2.02 ఆంగ్‌స్ట్రామ్‌లది సరిగ్గా ఆ వంశమే.

2002లో ఇంకొకటి. పెంటామిథైల్ సైక్లోపెంటాడైఈనైల్ కాటయాన్‌ను స్ఫటికంగా పట్టామన్నారు. ఉండకూడని అణువు అది. సంచలనం. అదే ఏడాది తేలిందేమిటంటే, లెక్కలోకి రాని హైడ్రోజన్లు రెండు ఉన్నాయి. వేరే, మామూలు అయాను అది. హైడ్రోజన్‌కు ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని బొమ్మలో చూడలేదంటే లేదని కాదు.

అన్నిటికన్నా గుండె మండేది మరొకటి. 2010 మొదటి సంచికలో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా పత్రిక 70 నిర్మాణాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. చైనాలోని జింగ్గాంగ్షాన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పేపర్లవి. ఒకసారి నిజంగా కొలిచిన దత్తాంశాన్నే మళ్లీ మళ్లీ వాడి, అందులో ఒకటో రెండో పరమాణువుల పేర్లు మార్చి కొత్త సమ్మేళనమని అచ్చేశారు. ఫ్లాస్కు లేదు, లోహం లేదు, స్ఫటికం లేదు. కంప్యూటర్లో అక్షరాలు మార్చారు, అంతే. అది దొంగతనం, ఆ పేరుతోనే పిలుస్తాను. అయితే ఆ దొంగతనం అన్ని పేపర్లదాకా ఎలా సాగింది? ఏది ముద్రించినా బొమ్మనే చూసి, వెనకున్న మూల దత్తాంశాన్ని తరచి చూడని అలవాటు వల్ల సాగింది. ఎన్ఎంఆర్ ఎక్కడ, ద్రావణంలో ఏముంది, గొట్టం మొత్తం అదేనా అని అడగకపోవడం వల్ల సాగింది. మా గైడు గారు దొంగ కాదు, మంచి మనిషి. కానీ ఆ సాయంత్రం ఆయన చేసినదానికీ ఆ దొంగతనానికి దారిచ్చినదానికీ మధ్య ఉన్నది ఒకే అలవాటు: బొమ్మ వచ్చింది కాబట్టి నిజమే.

ఈ పనిని నిజాయితీగా చేసిన మనవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఉస్మానియాలో చదువుకున్న వి. చంద్రశేఖర్ 1980లలో అమెరికాలో రాబర్ట్ హోమ్స్‌తో కలిసి ఆరు తగరాలు, ఆరు ఆక్సిజన్లు అల్లుకున్న గూళ్లను బయటపెట్టారు. డ్రమ్ము ఆకారమని వాటికి పేరు. నాకు నచ్చేది ఆ బొమ్మ కాదు. ఆ డ్రమ్ము విచ్చుకుంటే నిచ్చెనలాంటి రూపమవుతుందనీ, ఒకటి ఇంకొకటిగా మారుతుందనీ తగరం ఎన్ఎంఆర్‌తో ద్రావణంలోనూ వెంటాడి చూడటం నచ్చుతుంది. స్ఫటికాన్ని అడిగారు, సీసానూ అడిగారు. హైదరాబాద్‌లో, కాన్పూర్‌లో ఇలా అడిగే ల్యాబులు ఈరోజూ ఉన్నాయి. అవి ఉన్నాయని చెప్పి మిగతావాళ్లు తప్పించుకోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఈ లోహాల విలువ తెలియకపోవడం కూడా ఈ నిర్లక్ష్యానికి ఒక వేరు. మన ఇంటర్ పుస్తకం ఎస్-బ్లాక్, పి-బ్లాక్ అంటే లిథియం–మెగ్నీషియం కర్ణ సంబంధం, రెండు మార్కుల ప్రశ్న. పరివర్తన మూలకాలకే రంగులు, ఉత్ప్రేరకాలు, గొప్పలు. అదంతా పాతబడింది. 2007లో ఆస్ట్రేలియాలో కామెరాన్ జోన్స్ బృందం మెగ్నీషియం–మెగ్నీషియం బంధాన్ని గది ఉష్ణోగ్రతలో నిలిచే స్ఫటికంలో చూపించింది, పొడవు దాదాపు 2.85 ఆంగ్‌స్ట్రామ్‌లు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎలక్ట్రాన్లు ఇచ్చే అల్యూమినియం అయానును తయారు చేశారు. అల్యూమినియం అంటే ఎలక్ట్రాన్లు పుచ్చుకునేదని తరతరాలుగా చెప్పిన పాఠం ఆ రోజు తలకిందులైంది. 2023లో అక్కడే బెరీలియం–బెరీలియం బంధం. ఇవన్నీ ఆవర్తన పట్టికలో మనం బట్టీ పట్టి వదిలేసిన మూలల్లోంచి వచ్చినవే. ఆ మూలల్లో మన పిల్లలు చెయ్యగలిగింది ఎంతో ఉంది. అందుకు కావలసిందల్లా గ్లవ్‌బాక్స్ ఒకటి, ఆర్గాన్ సిలిండర్లు కొన్ని, ద్రవ నైట్రోజన్ సకాలానికి రావడం, మే నెల కరెంటు కోతలో వ్యాక్యూమ్ పంపు ఆగకుండా జనరేటర్. ఇవి అడిగితే సరుకులు కొనే సెక్షన్ నెలల తరబడి ఫైలు మీద కూర్చుంటుంది. ఈలోపు ఫ్లాస్కులో సోడియం, బెంజోఫీనోన్ కలిసి నీలంగా మెరిసే ద్రావణం తెల్లారేసరికి రంగు వెలిసి, పసుపై, చచ్చిపోతుంది. ద్రావకం పోతుంది. ద్రావకంతో పాటు ఆ పిల్ల ఆరు నెలలూ పోతాయి.

నా అల్యూమినియం సంగతి చెప్పి ముగిస్తాను. డైక్లోరైడును స్ఫటికీకరణతో విడదీయలేకపోయాను. రెండూ ఒకే జాలకంలో సర్దుకుని కూర్చునేవి. తయారీ దారినే మార్చి, ఏడు నెలల తర్వాత శుభ్రమైన సమ్మేళనం పట్టాను. మిథైల్‌కు మూడు హైడ్రోజన్లూ లెక్కకొచ్చాయి. బంధం 1.95. కార్బన్ గోళం మిగతావాటి పక్కన నిండుగా, మామూలుగా ఉంది. పేపరు శీర్షికలోంచి "అసాధారణ" అనే మాట పోయింది, పేపరు చిన్న పత్రికకు పోయింది. గైడు గారు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. అయినా ఆ 1.95 నాది. నేను చేశాను, నేను ఏరాను, నేను చదివాను.

ఇప్పుడు నేను పాఠం చెప్పే చోట మూడో ఏడు పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ఉంది. కాల్షియం మీద పనిచేస్తోంది. నిన్న సాయంత్రం ఫ్రీజర్‌లో గొట్టం పైకి తీసి వెలుతురుకు పట్టుకుని, "మేడం, వచ్చాయి" అంది. అడుగున రంగులేని గింజలు, పంచదార పలుకులంత. డిఫ్రాక్టోమీటర్ గదికి తాళం ఉంది. విద్యార్థులకు ప్రవేశం లేదని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆ స్ఫటికాలు వారం ఆగవు. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో వాళ్లనే పేరు పెట్టకుండా అడుగుతున్నాను: రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ కాగితం చింపి, ఆ అమ్మాయిని ఆ గొట్టంతో సహా లోపలికి పంపండి.